సిరిమాను వెనక మేడలు

(విజయనగరంలో ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విజయనగరంలో ఎవరింట్లో పాత ఆల్బమ్ తెరిచినా పైడితల్లమ్మ పండగలో ఊరేగే సిరిమాను ఫొటో ఒక్కటైనా ఉంటుంది. పొడవాటి మాను చివర పూజారి, కింద ఇసకేస్తే రాలని జనం, ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. అందరి కళ్లూ వాటి మీదే. ఇవాళ ఇంటికెళ్లాక ఆ ఫొటోలు తీసి, మాను వెనక ఏముందో చూడండి. పాత ఫొటోలో నాటు పెంకుల చూరు, దాని కింద అరుగు, అరుగు నిండా ఆడవాళ్లు. ఆ తర్వాతి కాలం ఫొటోలో అదే చోట డాబా, పిట్టగోడ మీంచి తొంగిచూస్తున్న పిల్లలు. ఈమధ్య తీసినదైతే కింద అద్దాల షోరూమ్, పైన వరసగా బాల్కనీలు, ప్రతి చేతిలో సెల్‌ఫోన్.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, మధ్యాహ్నం దాటాక, పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా అదే దారి. మారుతున్న ఊరిని ఫొటో తీసేవాడికి అన్నిటికన్నా కష్టమైన పని ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి ఒకే ఫ్రేము తీయడం. మన ఊళ్లో ఆ పని అమ్మవారి పండగ చేసిపెట్టింది. ఫొటో ఏ సంవత్సరానిదో తెలిస్తే చాలు, పంచాంగం చూసి తేదీతో సహా చెప్పొచ్చు. ఇంత మంచి రికార్డు ఏ ఆఫీసులోనూ లేదు, మన బీరువాల్లో ఉంది.

నేను కోటకీ గంటస్తంభానికీ మధ్య వీధుల్ని చాలా ఏళ్లుగా తీస్తున్నాను. అక్కడి మండువా లోగిళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి వెళ్తున్నాయి. స్థలం బిల్డరుకి ఇస్తారు, అపార్ట్‌మెంట్ లేస్తుంది, ఒప్పందం ప్రకారం ఫ్లాట్లు పంచుకుంటారు. ఇచ్చినవాళ్లని నేను తప్పు పట్టను. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. పెంకు నేసేవాళ్లు దొరకరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి పెంకులు లేపేసిన ఇళ్లు ఎన్నో మళ్లీ పాత రూపానికి రాలేదు. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి గజం ధర ఎంత అంటున్నారో మీకు తెలుసు. చెదలు పట్టిన దూలం కింద రోజూ పడుకోవాల్సినవాళ్లకి, వారసత్వ సంపద కాపాడండి అని చెప్పే హక్కు నాకు లేదు.

నా బాధ అరుగు గురించి. వీధరుగు మీద టైలరు ఉండేవాడు, ఇస్త్రీ బండి ఉండేది, పక్క గదిలో అద్దెకి ఒక కుటుంబం ఉండేది. ఒక ఇల్లు కూల్చే ముందు రోజు వెళ్లాను. టైలరు మిషను అప్పటికే తీసేశాడు. సున్నపు గచ్చు మీద మిషను కాళ్లు దిగిన నాలుగు గుంటలు, వాటి చుట్టూ దారపు పోగులు, గోడకి సుద్దతో రాసుకున్న కొలతలు ఉన్నాయి. ఎవరి లాగు ఎంతో, ఎవరి జాకెట్టు ఎంతో ఆ గోడ మీదే లెక్క. "ఇల్లుగలోళ్లకి ఫ్లాట్లొస్తాయి బావూ, మాకేటొస్తాది?" అన్నాడాయన. రోడ్డు వెడల్పు చేసినా అంతే. స్థలం పోయిన యజమానికి టీడీఆర్ బాండు ఇస్తారు, అంటే పోయిన స్థలానికి బదులు మరోచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో హక్కుపత్రం. అరుగు పోయినవాడికి ఏ బాండూ లేదు. అపార్ట్‌మెంట్ కింద షాపు అద్దెకు తీసుకుందామంటే అడ్వాన్సు మాటే టైలరు నోట రాదు.

లండన్‌లో డబ్బున్నవాళ్లు కార్మికుల పాత ఇళ్లు కొని, బాగుచేయించుకుని, అక్కడే కాపురం పెట్టారు. 1964లో రూత్ గ్లాస్ అనే సామాజికవేత్త దాని గురించి రాశారు. అక్కడ ఇల్లు మిగిలింది, మనుషులు వెళ్లిపోయారు. మన దగ్గర ఇల్లూ పోతోంది, అద్దెకున్నవాళ్లూ పోతున్నారు.

1860ల్లో పారిస్ పాతవీధుల్ని కూల్చే ముందు నగరపాలకులు చార్లెస్ మార్విల్‌తో వాటిని ఫొటోలు తీయించారు. గ్లాస్గోలో థామస్ ఆనన్ 1868 నుంచి 1871 దాకా అదే పని చేశారు. గొప్ప ఫొటోలవి. తడిసిన రాళ్ల మీద మెరుపు కూడా కనిపిస్తుంది. కానీ మార్విల్ వీధుల్లో మనుషులు కనపడటం తక్కువ. ఆనాటి గాజు పలక మీద బొమ్మ పడాలంటే సెకన్ల తరబడి పట్టేది, కదిలే మనిషి పొగలా చెదిరిపోయేవాడు. ఇప్పటి కెమెరాకి ఆ ఇబ్బంది లేదు. అయినా మనం చెక్కిన తలుపు కనపడగానే ముందున్న మనిషిని "కొంచెం పక్కకి జరగండి" అంటున్నాం. ఆ తలుపు పాత కలప అడితికి చేరి, మరో ఊళ్లో ఏ హోటల్ గుమ్మంలోనో మళ్లీ కనపడొచ్చు. పక్కకి జరిగిన మనిషి కనపడడు.

మన ఊళ్లో 1869 నాటి మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో కూల్చినప్పుడు ఊరు ఊరంతా బాధపడింది. బాధపడాల్సిందే. ఆ బాధలో నాలుగో వంతు కూడా ఆ టైలరు కోసం పడలేదు.

ఇక్కడ కెమెరాలతో వచ్చిన పిల్లలకి పని గురించి కొంచెం చెప్తాను. ఎక్కడ నిలబడ్డారో గుర్తు పెట్టుకోండి. కరెంటు స్తంభాన్ని నమ్మకండి, రోడ్డు వెడల్పులో మొదట కదిలేది అదే. గుడి మెట్టు, బావి గట్టు లాంటివి నయం. ఒకే లెన్సు వాడండి. వీధి ఇరుకు కాబట్టి వైడ్ తప్పదు, కెమెరా ఆకాశం వైపు ఎత్తకండి, గోడలు వాలిపోతాయి. ఇల్లు కూల్చాక ఖాళీ స్థలం పక్కింటి గోడ తప్పకుండా తీయండి. కూలిన ఇంటి వంటగది మసి, నీలిమందు కలిపిన సున్నం, దూలాలు దిగిన కన్నాలు దాని మీదే మిగులుతాయి, అవీ ప్లాస్టరింగ్ అయ్యేదాకానే. తీసిన రోజే డోర్ నంబరు, అక్కడ ఎవరు ఏ పని చేసేవారు, ఎటు వెళ్లారు అన్నది రాసుకోండి. అడిగి రాయండి, వద్దంటే మానేయండి. ప్రింటు ఒకటి వాళ్లకి ఇచ్చి రండి. నా దృష్టిలో ఫొటో ఎంత ముఖ్యమో "ఎటు వెళ్లారు" అన్న ఆ ఒక్క వాక్యం అంత ముఖ్యం.

మిగతా అందరికీ ఒక మనవి. మీ సిరిమాను ఫొటోలు పట్టుకురండి. ఆల్బమ్‌లో అతుక్కుపోయి ఉంటే పీకకండి, ఆల్బమ్‌తో సహా తెండి, మీ ముందే స్కాన్ చేసి అప్పుడే ఇచ్చేస్తాను. ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయకండి, అచ్చు ముందుకి దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో సంవత్సరం రాయండి. వెనక అరుగు మీద కూర్చున్నవాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో నాకు చెప్పండి. ఈ పండగలోపు వాళ్లని కలవాలి.