ధాత కరువులో పౌండు గింజల లెక్క

శ్రోతలకు నమస్కారం.

1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి, విక్టోరియా మహారాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. రాజులు, ఏనుగులు, విందులు, ఫిరంగి వందనాలు... ఆ హంగుకు అంతు లేదు. అదే రోజుల్లో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల జనం ఇళ్ళకు తాళాలు కూడా వేయకుండా రోడ్డెక్కుతున్నారు. తాళం వేసి దాచుకోవడానికి ఇంట్లో ఏమైనా మిగిలితే కదా! 1876లో వానలు మొహం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. అందుకే మన పెద్దలకు అది ధాత కరువు.

వాన పడకపోవడం దొరల తప్పు కాదు. దత్త మండలాలకు, అంటే ఈ జిల్లాలకు, కరువులు కొత్తా కాదు. అయితే ఆకలితో ఉన్నవాడికి ఎంత తిండి పెట్టాలో తేల్చింది మాత్రం సర్కారు కాగితాలే. ఈ పూట ఆ సంగతే మాట్లాడుకుందాం.

లిట్టన్ మద్రాసుకు పంపిన అధికారి పేరు రిచర్డ్ టెంపుల్. ఈయన చేతకానివాడేమీ కాదు. 1874లో బీహారులో కరువు వస్తే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. దానికి దక్కిన బహుమానం చీవాట్లు! ఖజానా గుల్ల చేశావని పైవాళ్ళు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ దెబ్బతో ఈసారి పొదుపు చేసి చూపించాలన్న పట్టుదలతో దక్షిణాదికి వచ్చాడు.

సర్కారు పెట్టిన కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌండు గింజలు, పైన ఒక అణా అని టెంపుల్ లెక్క కట్టాడు. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. పౌండు అంటే 450 గ్రాములు. ఎండలో కంకర కొట్టి, మట్టి మోసి వచ్చినవాడికి రోజంతటికీ అవే. ఉప్పు, మిరపకాయలు, పప్పు, కట్టెలు అన్నీ ఆ అణాలోనే సర్దుకోవాలి.

దీన్ని ఎదిరించినవాడు కూడా తెల్లదొరే. మద్రాసు శానిటరీ కమిషనర్, అంటే జనం ఆరోగ్యం చూసే అధికారి, డాక్టర్ కార్నిష్. ఒళ్ళొంచి పనిచేసే మనిషికి కనీసం 680 గ్రాముల గింజలు, వాటితోపాటు పప్పు, కూరగాయలు ఉండాలని, లేకపోతే మనిషి నిలవడని వాదించాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగివచ్చి, 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు అంది. రూపాయల బేరం విన్నాం గానీ, గ్రాముల లెక్కన ప్రాణాల బేరం ఇక్కడే చూస్తాం.

మరి దేశంలో గింజలు లేవా? ఉన్నాయి. ఆ కాలంలోనే 3 లక్షల టన్నులకు పైగా గోధుమలు ఇంగ్లండుకు ఓడలెక్కాయి. వ్యాపారం జోలికి సర్కారు పోకూడదని, ధర పలికే చోటికి సరుకు దానంతటదే చేరుతుందని లిట్టన్ సిద్ధాంతం. నిజంగానే చేరింది! బెంగాల్ నుంచి, బర్మా నుంచి బియ్యం మద్రాసు రేవులో దిగి, రైల్లో బళ్ళారి దాకా వచ్చింది. కొనే రైతు చేతిలో కాణీ లేదు. కర్నూలుకు రైలు లేదు. స్టేషన్ నుంచి ఊరికి బస్తాలు చేర్చాల్సిన ఎద్దులు గడ్డి లేక అప్పటికే చచ్చిపోయాయి.

1878 దాకా సాగిన ఆ కరువులో, బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే 55 లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. 1871 జనాభా లెక్కల్లో 9 లక్షలు దాటిన కర్నూలు జిల్లా, 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయింది.

ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది, దాని వెంట కరువు నిబంధనలూ వచ్చాయి. అంతకు ముందే, 1878లో, ఇకపై కరువులొస్తే ఆదుకుంటామంటూ కొత్త పన్నులు వేశారు. మద్రాసులో ఉప్పు పన్నూ పెంచారు. ఆ ఏడాది చివర్లోనే లిట్టన్ అఫ్ఘానిస్తాన్ మీదికి సైన్యాన్ని నడిపించాడు. కరువు పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము యుద్ధానికి మళ్ళిందన్న విమర్శ ఏళ్ళ తరబడి ఆ ప్రభుత్వాన్ని వెంటాడింది.

సెలవు.