సరుకుకు మనిషి, యంత్రానికి సరుకు
(హనుమకొండలో ఆహార తయారీ కోర్సు విద్యార్థులు, మహిళా సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చేతి తయారీ మంచిదా, ఫ్యాక్టరీ తయారీ మంచిదా అని మాట్లాడమన్నారు. ఎవరిని అడిగినా చేతిదే మంచిదంటారు. అని, పోయి ప్యాకెట్ కొనుక్కుంటారు. దాన్ని తప్పు పట్టడానికి రాలేదు, నేనూ కొంటాను. నన్ను ఆలోచనలో పడేసేది వేరే ప్రశ్న. పొలం నుంచి వచ్చే సరుకు ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. ఆ తేడాను ఎవరు భరించాలి? చేతి తయారీలో సరుకును బట్టి మనిషి పని మార్చుకుంటాడు. ఫ్యాక్టరీలో యంత్రాన్ని బట్టి సరుకును మారుస్తారు. మిగతా తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

సకినాలే చూడండి. బియ్యం నానబెట్టి, నీళ్లు వాడ్చి, తడి మీదనే గిర్నికి పట్టిస్తాం. నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతాం. కొత్త బియ్యమైతే నీళ్లు తక్కువ, పాతవైతే ఎక్కువ. పిండి బిగిస్తే చుట్టేటప్పుడు తెగుతుంది, పలచనైతే చుట్టు నిలవదు. గుడ్డ మీద చుట్టినవి కొంత తడి ఆరాకే నూనెలో పడాలి, లేకపోతే పేలతాయి. ఎంతసేపు ఆరాలి? సంక్రాంతికి మబ్బు పట్టిందా, ఎండ కాసిందా అన్నదాన్ని బట్టి. చుట్టే ఆవిడ వేలితో తాకి చూసి చెబుతుంది. అదే సకినాన్ని టన్నుల్లో చేయాలంటే ఆ వేలి మీద ఆధారపడలేం. ఒకే రకం బియ్యం, కొలిచిన తేమ, కట్టుదిట్టమైన గది కావాలి. అది చిన్న పనేమీ కాదు, అదీ నైపుణ్యమే.

ఇప్పుడు నూనె సంగతి. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ హాల్లో చాలామంది కట్టె గానుగ పెట్టాలనుకుంటున్నారని విన్నాను.

పల్లి గింజలో దాదాపు సగం నూనే. గానుగ దాన్నంతా పిండలేదు, నూనె తీశాక మిగిలే పిప్పిలో, అంటే చెక్కలో, పది శాతానికి పైనే మిగిలిపోతుంది. ఆ చెక్కను బర్రెలు ఇష్టంగా తినేది అందుకే. ఎక్స్‌పెల్లర్ అనే మర ఇంకా గట్టిగా పిండుతుంది. పెద్ద ఫ్యాక్టరీలో ఆ చెక్కను హెక్సేన్ అనే ద్రావకంలో కడిగి, మిగిలేది ఒక శాతం కంటే తక్కువ చేస్తారు. అలా వచ్చిన నూనెలో జిగురు తీసేస్తారు, కాస్టిక్ సోడాతో ఆమ్లాన్ని తీసేస్తారు, ఒక రకం మట్టితో రంగు తీసేస్తారు, రెండు వందల డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పంపి వాసన తీసేస్తారు. ఏ ఊరి పల్లీ అయినా, వానలో తడిసినదైనా, చివరికి ఒకే రంగు, ఒకే రుచి. గానుగ ఆడించే ఆయన ఇవేవీ చేయలేడు. గింజ బాగా ఎండి ఉంటే కొన్ని నీళ్లు చిలకరిస్తాడు, అంతే. వాసన బాగుందంటే గింజ బాగున్నట్టు. ముక్కిపోయిన గింజ వేస్తే ముక్కిన వాసనే వస్తుంది, దాచడానికి దారి లేదు. ఎద్దు తిప్పినా మోటారు తిప్పినా ఇందులో తేడా రాదు. బోర్డు మీద ఎద్దు బొమ్మ వేసుకుంటే వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

అయితే గానుగ వాళ్లు సాధారణంగా చెప్పని మాట ఒకటి ఉంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వెతికితే దోషం మేతలో కలిసిన పల్లి చెక్కలో తేలింది. బూజు పట్టిన పల్లీలో ఊరే విషం అది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. వంట వేడికి అది పూర్తిగా పోదు. రిఫైనరీలో సోడా, మట్టి దశలు దాటేసరికి నూనెలోంచి చాలావరకు పోతుంది. గానుగలో ఆ దశలే లేవు కాబట్టి మనకున్న రక్షణ రెండే: బాగా ఎండబెట్టడం, బూజు గింజను ఏరి పారేయడం. ఏరే మనిషి కూలి నూనె ధరలో కనబడాలి. ఆ కూలి మిగిల్చుకుని "స్వచ్ఛమైన గానుగ నూనె" అని అమ్మేవాడి కంటే రిఫైనరీవాడే నయమని నా అభిప్రాయం.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్లో ఇదే విషయం ఇంకో రకంగా చూడొచ్చు. మన చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా గుండ్రంగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. పచ్చళ్లు పెట్టేవాళ్లు కాయ విరిచి, వాసన చూసి, తొడిమ చూసి బస్తా కొంటారు. మిర్చి నుంచి రంగు తీసి అమ్మే కంపెనీకి ఆ కాయ గుణమంతా రంగు ఎంతుందో చెప్పే ఒక అంకె. ద్రావకంతో సారం లాగి, ఆ అంకెకు సరిపడేలా నూనె కలిపి డ్రమ్ముల్లో నింపుతారు. రైతుకు ఈ గిరాకీ కూడా కావాలి. పచ్చళ్లవాళ్లే పంటంతా కొనలేరు కదా.

పెద్ద తయారీలో తప్పు జరిగితే అదీ పెద్దదే. కారంపొడిలో కలిసిన సూడాన్-1 అనే, మైనాల్లో, బూటు పాలిష్‌లలో వాడే రంగు ఒక సాస్‌లోకి, ఆ సాస్ నుంచి ఇంకెన్నో వంటకాల్లోకి పోయింది. 2005లో బ్రిటన్‌లో వందల రకాల సరుకులను దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. ఎలా తెప్పించగలిగారు? ఏది ఎక్కడికి పోయిందో కాగితం మీద ఉంది కాబట్టి. మన దగ్గర ఎవరి పచ్చడి తిని ఎవరికైనా వాంతులైతే, ఏ రోజు పెట్టిన సీసా అని అడిగితే చెప్పగలమా? బ్యాచ్ నంబరు ఫ్యాక్టరీ సొత్తేమీ కాదు. నోటుబుక్కు, పెన్ను చాలు.

ఇంకో ముడి విప్పాలి. చేతిదంటే మనది, ఫ్యాక్టరీదంటే ఎవరిదో అన్న లెక్క మనలో ఉంది. ముల్కనూర్ మహిళా డెయిరీ 2000లో మొదలైంది. పాలు పోసే మహిళలే దాని యజమానులు. లోపల జరిగేది పూర్తిగా ఫ్యాక్టరీ పనే. ఏ డెయిరీలోనైనా ఇంటింటి పాలు కలిసిపోతాయి, వెన్న శాతం కొలుస్తారు, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు కాచి చల్లారుస్తారు. టోన్డ్ పాలంటే 3 శాతం వెన్న, మీ బర్రె ఎంత చిక్కగా ఇచ్చినా సరే. ఆ బర్రె రుచి పోయినట్టే. కానీ పాలు విరగకుండా పట్నం చేరతాయి, డబ్బు పాలు పోసిన ఇంటికి వస్తుంది. కాబట్టి ఎలా చేస్తున్నారు, లాభం ఎవరిది అన్నవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. కలిపేస్తే, హైదరాబాద్ శివార్లలో యంత్రం మీద చేసిన అప్పడం మీద అమ్మమ్మ బొమ్మ చూసి మోసపోతాం.

సంఘాలవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, ఎంత దాకా యంత్రం పెట్టుకోవచ్చు అని. పొట్టు తీయడం, జల్లించడం, పొడి పట్టడం, సీలు వేయడం యంత్రానికి ఇవ్వండి, నడుం నొప్పులు తగ్గుతాయి. కొనేటప్పుడు సరుకు చూసే పని, ఏరే పని, పాకం, పదును చూసే పని మనిషి దగ్గరే ఉంచుకోండి. ఆ మనిషి సెలవు పెడితే ఆ రోజు ఉత్పత్తి ఆగుతుంది. ఆర్డర్ ఒప్పుకునే ముందే అది లెక్కేసుకోండి, లేకపోతే ప్రతి పండక్కీ టెన్షనే.

పల్లి కాయలో తేమ 8 శాతం దగ్గరికి దిగాకే నిల్వ చేయాలి. కాయ ఊపితే గలగలమనాలని మనవాళ్లు అంటారు, అది మంచి గుర్తే గానీ చాలదు. తేమ కొలిచే మీటరు తెచ్చాను, బల్ల మీద ఉంది. ఇంటి నుంచి కాయలు తెచ్చినవాళ్లు ముందుకు రండి. ముందు మీరు ఊపి ఎంతుందో చెప్పండి, తర్వాత మీటరు పెడదాం.