మిగిలేవి మూడే

శ్రోతలకు నమస్కారం.

పండ్ల ఈగ గుడ్డు పొడవు అర మిల్లీమీటరు. ఒక్క రోజు తిరిగేసరికి అందులోంచి లార్వా పాక్కుంటూ బయటికొస్తుంది. నరాల వ్యవస్థంతా ఈలోపే తయారైపోవాలి. నాడీకణాల సంగతి మీరు వినే ఉంటారు. వాటికి తోడుండే గ్లియా కణాల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. గ్లియా అంటే గ్రీకులో జిగురు. 1856లో విర్కో అనే జర్మన్ వైద్యుడు పెట్టిన పేరిది. పేరులోనే కాస్త చిన్నచూపు ఉందేమో అనిపిస్తుంది నాకు. నాడీతంతువులకు తొడుగులా చుట్టుకుని కాపాడేవి ఇవే మరి!

ఇవి ఎన్ని ఉండాలో లెక్క చూసేదెవరు?

ఈగ పిండంలో పొట్టవైపు ఒక నాడీదండం ఉంటుంది. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే అచ్చం నిచ్చెనే. నిలువునా రెండు కమ్ములు, ఒంట్లోని ఒక్కో ఖండంలో, అంటే ఒక్కో అరలో, అడ్డంగా రెండేసి మెట్లు. ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ దాటే తంతువుల కట్టలే ఆ మెట్లు. వాటిని చుట్టే గ్లియా కణాలు సరిగ్గా నడిమధ్య గీత మీద ఉంటాయి. మొదట్లో ఖండానికి సుమారు 10. లార్వా బయటపడేనాటికి 3.

మిగతావాటిని ఎవరో వచ్చి చంపలేదు, తమంతట తామే చనిపోయాయి. ఈ కణాల్లో హిడ్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని ఆపేవాళ్లు లేకపోతే కణం పని సరి. ఆపేది స్పిట్జ్ అనే మరో ప్రోటీన్, నాడీకణాలు వదిలేది. 1986లో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్తకు నోబెల్ తెచ్చిపెట్టిన ఈజీఎఫ్‌కు, అంటే కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్‌కు, ఇది చుట్టమే. గ్లియా కణం పైనున్న గ్రాహకానికి స్పిట్జ్ తగిలితే లోపలికి కబురు వెళ్తుంది, హిడ్‌కు ఫాస్ఫేటు అతుక్కుంటుంది, దాని కోరలు ఊడిపోతాయి. తంతువును ఆనుకున్న కణానికి ఆ స్పిట్జ్ అందుతుంది. దూరంగా ఉండిపోయినదానికి అందదు.

హిడ్‌నూ దాని తోటి మరణ జన్యువులనూ తీసేసిన పిండాల్లో అదనపు కణాలు చావకుండా అలాగే ఉండిపోయాయి. స్పిట్జ్ మోతాదు పెంచినా మామూలుకన్నా ఎక్కువే బతికాయి. అంటే మూడు అన్న అంకె గ్లియా కణంలో ఎక్కడా రాసిపెట్టి లేదు. తంతువులు ఎందరిని పోషించగలవో అందరే మిగులుతారు.

పక్కల ఉండే గ్లియా తీరు కొంచెం వేరు. సగం ఖండానికి 30 దాకా ఉంటాయవి. అవి గ్లియాగా మారాలంటే జీసీఎం అనే జన్యువు ఆడాలి. అది చెడితే గ్లియా కావలసినవి నాడీకణాలైపోతాయి. నడిగీత కణాలకు దాని అవసరమే లేదు. అయితే పక్కవాటిలోనూ కొన్నిటికి ఆయుష్షు పోసేది తంతువులే, వెయిన్ అనే ఇంకో ప్రోటీన్‌తో.

ముందు ఎక్కువ పుట్టించి తర్వాత తగ్గించడం వృథా కదా అనవచ్చు మీరు. తంతువులు తడుముకుంటూ దారి వెతుక్కుంటాయి. మెట్టు ఎంత లావవుతుందో, ఎక్కడ నిలుస్తుందో ముందే కొలిచి ఇచ్చేవాళ్లెవరూ లేరు. నాకైతే అది వృథాలా అనిపించదు.

చనిపోయిన కణాలు అక్కడే పడి ఉండవు. మాక్రోఫేజ్‌లు అనే పాకీ కణాలు వచ్చి మింగేస్తాయి. ఆ దశలో పిండానికి రంగు వేస్తే వాటి కడుపుల్లో గ్లియా ముక్కలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి.