నేపుల్స్‌లో మకాం వేసి చుట్టుపక్కల తిరిగాం: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

నమస్కారం అండి. ఈ వీడియోలో నా వెనకాల మబ్బు కప్పుకుని అమాయకంగా కూర్చున్నదే వెసూవియస్ అగ్నిపర్వతం. చివరిసారి పేలింది 1944లో, అంటే మా అమ్మమ్మ కాలంలో. నేను నిలబడ్డది ఇటలీలోని నేపుల్స్ ఓడరేవులో, దీవులకు బోట్లు బయల్దేరే మోలో బెవెరెల్లో దగ్గర. మేం వైజాగ్ వాళ్ళం కాబట్టి క్రేన్లూ ఓడలూ మాకు కొత్త కాదు. అమ్మ అయితే సందుల్లో ఆరేసిన బట్టలూ స్కూటర్ల హారన్లూ చూసి, "ఇది మన పాతపోస్టాఫీసు ఏరియాలా ఉందిరా" అనేసింది. ఇంతదూరం ఖర్చుపెట్టి తీసుకొచ్చినందుకు అదీ నాకు దక్కిన సర్టిఫికెట్.

ఇక్కడ ఐదు రోజులు గది తీసుకుని, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేలా తిరిగాం. మొహమాటం లేకుండా చెప్పేస్తాను.

ముందు మేం చేసిన తప్పు. "పాంపే, అమాల్ఫీ తీరం, ఒకే రోజులో" అని ఒక వ్యాన్ టూర్ బుక్ చేశాం. పేరు చెప్పను, ఆశపడింది మేమే. పాంపే అంటే క్రీ.శ. 79లో ఈ వెసూవియస్ పేలి కప్పేసిన రోమన్ల కాలపు ఊరు, అక్కడ ఇచ్చింది గంటన్నర. ఆ ఊరు 66 హెక్టార్లండి, మన లెక్కలో 160 ఎకరాల పైమాటే! ఇంకా మూడోవంతు మట్టికిందే ఉంది. గైడు జెండా పట్టుకుని పరుగు, వెనకాల మేం పరుగు. తర్వాత అమాల్ఫీ రోడ్డు మీద ఎదురుగా బస్సొస్తే మా వ్యాన్ వెనక్కి వెళ్ళాలి, మళ్ళీ ముందుకు. సముద్రం చూసింది తక్కువ, ముందు బండి నంబరు ప్లేటు చూసింది ఎక్కువ.

పాంపేకి రైల్లో వెళ్ళండి. గరిబాల్ది స్టేషన్ కింది అంతస్తులో సర్కమ్‌వెసూవియానా లైను ఉంటుంది, అందులో సొరెంతో వైపు వెళ్ళే బండి ఎక్కాలి. "పాంపే స్కావి, విల్లా దెయి మిస్తేరి" అని రాసి ఉన్న స్టేషన్లోనే దిగండి. పాంపే పేరుతో వేరే స్టేషన్ కూడా ఉంది, అక్కడ దిగితే నడకే నడక. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, టికెట్ మీద పేరు కూడా ఉంటుంది. కాబట్టి ముందే కొనుక్కుని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. లోపల నీడ తక్కువ. నల్లరాతి బాటల మీద బండి చక్రాలు తిరిగి తిరిగి పడిన గాడులు ఇప్పటికీ కనిపిస్తాయి. వీధి దాటడానికి మధ్యలో ఎత్తు రాళ్ళు వేశారు, వాటి సందుల్లోంచి చక్రాలు పోయేవి. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు నరకం.

మీ దగ్గర ఒక్క పూటే ఉంటే మాత్రం పాంపే వదిలేసి, అదే పేలుడులో పూడిపోయిన ఇంకో ఊరు హెర్క్యులేనియం వెళ్ళమంటాను. ఈ మాటకి కింద నన్ను తిడతారని తెలుసు. అదే రైలు, ఇరవై నిమిషాల్లో ఎర్కొలానో స్కావి స్టేషన్. దిగి సముద్రం వైపు పల్లానికి పది నిమిషాలు నడిస్తే చాలు. పాంపే మీద నురగరాయి వానలా కురిసి కప్పులు కూలిపోయాయి. ఇక్కడికొచ్చింది వేరు. సలసల కాగే బూడిద, గాలి కలిసి ప్రవాహంలా ముంచేశాయి. దానివల్ల చెక్క కాలిపోకుండా బొగ్గులా మారి నిలిచిపోయింది. దూలాలు, మెట్లు, మంచం, మేడమీద గదులు, అన్నీ ఉన్నాయి! గోతిలో పాత ఊరు, దాని గట్టు మీదే ఇప్పటి ఊరి డాబాలు. పాత ఒడ్డున పడవలు పెట్టుకునే కమాను గదుల్లో సుమారు 300 మంది అస్థిపంజరాలు దొరికాయి. సముద్రం మీదుగా తప్పించుకుందామని వచ్చినవాళ్ళు. అక్కడ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నేనూ కెమెరా ఆపేశాను, అందుకే ఆ ముక్క వీడియోలో లేదు.

దీవుల సంగతి. కాప్రీ బాగుంటుంది, కాదనను. కానీ బ్లూ గ్రాటో అనే సముద్రపు గుహ కోసమే అయితే ఆలోచించుకోండి. చిన్న పడవలో వెల్లకిలా పడుకుంటేనే ఆ గుహ నోట్లోంచి లోపలికి వెళ్ళగలం, అల లేస్తే ఆ రోజుకి మూసేస్తారు. లోపల నీలం అద్భుతమే, ఉండనిచ్చేది కాసేపే. నా ఓటు ప్రొచీదాకి. హైడ్రోఫాయిల్ అనే వేగపు బోటులో నలభై నిమిషాలు. కొరిచెల్లా రేవులో గులాబీ, పసుపు ఇళ్ళ కింద వలలు పోగేసి ఉంటాయి. భీమిలి గుర్తొచ్చి అక్కడే మధ్యాహ్నం గడిపేశాం. తిరుగు బోటు టైము మాత్రం దిగగానే చూసుకోండి.

చివరగా నేపుల్స్‌లోని నేషనల్ ఆర్కియాలజికల్ మ్యూజియం. ఇక్కడ ఒక దంతపు బొమ్మ ఉంది, జానెడు కన్నా కాస్త ఎక్కువ. 1938లో పాంపేలో ఒక ఇంట్లో దొరికింది. చూడగానే మన ముఖమే! చేతినిండా గాజులు, కాళ్ళకు కడియాలు, నడుముకు వడ్డాణం, పక్కన ఇద్దరు చెలికత్తెలు. లక్ష్మి అని పేరు పడిపోయింది గానీ యక్షిణి అని ఇంకొందరు పండితుల మాట. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలో తేర్, భోకర్దన్‌లో దొరికాయి, అవి శాతవాహనుల ఏలుబడి ఊళ్ళే. అంతమాత్రాన "పాంపేలో మన తెలుగు లక్ష్మి" అని వాట్సాప్‌లో తిప్పకండి, పీఠం మీద చెక్కింది ఖరోష్ఠీ అక్షరం, అది వాయవ్య భారతంలో వాడిన పాత లిపి. ఏదైతేనేం, క్రీ.శ. 79కి ముందే ఓడెక్కి ఇంత దూరం వచ్చిందంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక హెచ్చరిక. ఆ బొమ్మ పెట్టింది "రహస్య గది"లో. పాంపేలో దొరికిన శృంగార బొమ్మలు చాలా అక్కడే ఉన్నాయి. అమ్మతో వెళ్ళడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆవిడ మాత్రం అటూ ఇటూ చూడకుండా నేరుగా లక్ష్మి దగ్గరికెళ్ళి, "వడ్డాణం పనితనం చూడరా" అని నిలబడిపోయింది.

అన్నట్టు, మంగళవారం ఆ మ్యూజియానికి సెలవు. మేం మొదటిసారి వెళ్ళింది మంగళవారమే. గేటు చూసి, చీజ్ లేని మారినారా పిజ్జా తినేసి వచ్చాం.