హైబ్రిడ్ క్లాసులో ముందు మాట వినపడాలి

అందరికీ నమస్కారం. మనందరం యూనివర్సిటీల్లో భాష చెప్పేవాళ్ళమే కాబట్టి మిగతా సబ్జెక్టుల జోలికి పోకుండా మన క్లాసు సంగతే మాట్లాడతాను.

2020లో కోవిడ్ వచ్చి అన్నీ స్క్రీన్ మీదకి వెళ్ళినప్పుడు చేసింది వేరు, ఇప్పుడు సగం మంది ఎదురుగా, సగం మంది ల్యాప్‌టాప్‌లో ఉండి ఒకే గంటలో నడిచే ఈ హైబ్రిడ్ క్లాసు వేరు. అప్పుడు కనీసం అందరిదీ ఒకే పరిస్థితి. అసలిది కోవిడ్‌తో పుట్టింది కూడా కాదండి, శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రయాన్ బీటీ 2006లోనే హైఫ్లెక్స్ అని మొదలుపెట్టారు, స్టూడెంట్ తనకి వీలైన పద్ధతి ఎంచుకోవచ్చు, ఏది ఎంచుకున్నా నేర్చుకునేది మాత్రం తగ్గకూడదు అని. ఆ రెండో మాట దగ్గరే మన క్లాసులు కుంటుతున్నాయి.

ఎందుకంటే మనకి మాట్లాడటమే పాఠం. మామూలు సంభాషణలో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోడానికి పట్టేది సుమారు 200 మిల్లీసెకన్లు, నెట్‌లో ఒక్కోసారి ఆలస్యమే అంత ఉంటుంది, దాంతో ఆన్‌లైన్‌లో ఉన్న అమ్మాయి నోరు తెరిచేలోపు రూములో ఎవరో జవాబు చెప్పేస్తారు, నాలుగు సార్లు అలా జరిగాక ఆ అమ్మాయి మ్యూట్ తియ్యడమే మానేస్తుంది. మనమేమో ఇంట్రెస్ట్ లేదనుకుంటాం! నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

పైగా అందరూ కలిసి పలికే డ్రిల్లు ఆన్‌లైన్‌లో కుదరదు, గొంతులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, చుట్టూ రొద తగ్గించే సెట్టింగ్ ఒక్కోసారి స, ష, ఫ లాంటి ఊదే శబ్దాల్ని కూడా నమిలేస్తుంది. ఉచ్చారణ నేర్పేరోజు దాన్ని ఆపెయ్యండి. డబ్బులుంటే కెమెరా కన్నా ముందు రూము మధ్యలో మంచి మైకు పెట్టించండి, బెంచీల్లో వాళ్ళు ఏమంటున్నారో అవతలివాళ్ళకి వినపడకపోతే ఇంకేం క్లాసు?

నాకు బాగా పనిచేసింది మాత్రం జంటలు కలపడం. రూములో ఒకరు, ఆన్‌లైన్‌లో ఒకరు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పది నిమిషాలు మాట్లాడుకోవాలి, తర్వాత అవతలివాళ్ళు ఏం చెప్పారో క్లాసుకి చెప్పాలి. ప్రశ్న అడిగితే మొదటి ఛాన్స్ ఆన్‌లైన్ వాళ్ళకే. చాట్ చూసే పని రోజుకో స్టూడెంట్‌కి అప్పజెప్తాను, పాఠం చెప్తూ అది కూడా చూడటం ఒక్క మనిషి వల్ల కాదండి.

ఇంకోటి, తయారయ్యేది రెండు క్లాసులకి, వర్క్‌లోడ్‌లో రాసేది ఒక్కటి. ఇది డిపార్ట్‌మెంట్ మీటింగుల్లో గట్టిగానే అడగాలి, ఒక అసిస్టెంట్‌నైనా ఇమ్మనాలి.

ఇక మీరు చెప్పండి, పెద్ద క్లాసుల్లో ఈ జంటలు ఎలా కలుపుతున్నారు?