బిందె నుంచి క్యాను దాకా
(కనిగిరి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకు, అయ్యలకు నమస్కారం.

పొద్దున బస్సు దిగి వస్తుంటే వాటర్ ప్లాంటు దగ్గర ఒక పెద్దామె కనిపించింది. మోకాళ్లు చాపలేక వంగి నడుస్తోంది. కొంగుముడి విప్పి బిళ్ల తీసి మెషిన్‌లో వేసింది. ఇరవై లీటర్ల క్యాను నిండితే మనవడు సైకిలు క్యారియర్ మీద పెట్టి ట్యూబుతో బిగించాడు. ‘ఇంకోటి పట్టేదా నాయనమ్మా?’ అన్నాడు. ‘వద్దులేరా, వంటకి బోరు నీళ్లున్నాయిగా’ అందామె.

ఆ బోరు నీళ్లలోనే ఉంది ఎముకలను, కీళ్లను దెబ్బతీసే ఫ్లోరైడ్. అది కాచినా పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. మరి ఆ నీళ్లతోనే పప్పు ఉడికితే? చేతిలో ఇంకో బిళ్ల ఉంటే ఆ పూట కూరలో విషం తగ్గేది. దీన్ని హక్కు అని ఎలా అంటాం?

1991 జనవరిలో సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో శుభ్రమైన నీరు జీవించే హక్కులో భాగమని చెప్పింది. అదే ఏడాది జూలైలో కొత్త ఆర్థిక విధానాలు వచ్చాయి. కాగితం మీద హక్కు పెరుగుతుంటే, దాన్ని ఇంటిదాకా తెచ్చే బాధ్యత నుంచి సర్కారు పక్కకు జరుగుతూ వచ్చింది. 1998లో మన రాష్ట్రం ప్రపంచ బ్యాంకు అప్పుతో సంస్కరణలకు దిగింది. కరెంటు చార్జీలు పెరిగాయి. వాటి మీద నిరసనకు దిగినవాళ్ల మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు తుపాకులు పేలాయి. ఇక కృష్ణా నీళ్లు మన దాకా తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లోనే పునాదిరాయి పడింది, ఆ తర్వాత ఎన్నేళ్లు ఎదురుచూశామో మీకు నేను చెప్పాలా?

2014లో సర్కారు రెండు రూపాయలకే ఇరవై లీటర్ల మంచినీళ్లంది. ప్లాంట్లకు దాతలను, కంపెనీలను వెతికారు. ఇచ్చినవాళ్లకు దణ్ణం పెడతాను, ఆ నీళ్లు ఎన్నో ఇళ్లను ఆదుకున్నాయి. కానీ దాత దొరకని ఊరు ఎవరిని అడగాలి? మెషిన్ చెడితే ఎవరి గడప తొక్కాలి? ఓటరుగా నిలదీయాల్సినవాళ్లం దాత దగ్గర చేతులు కట్టుకుంటున్నాం, ప్లాంటు దగ్గర చిల్లర వెతుక్కుంటున్నాం. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

ఇంటింటికీ మంచినీళ్లివ్వమంటే, డబ్బు ఎక్కడిదంటారు పాలకులు. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడూ, ఆపితే రాబడి పోతుందని ఖజానా లెక్కే చెప్పారు. వాళ్లు వినలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ లెక్క కన్నా ఇంట్లో ఆకలి పెద్దదని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మీలో కొందరు సీసాల్లో బోరు నీళ్లు తెచ్చారు. సీసా మీద ఊరి పేరు, వీధి పేరు రాసి ఈ బల్ల మీద పెట్టండి. పరీక్ష చేయిద్దాం. రిపోర్టు జతచేసి గ్రామసభలో అర్జీ ఇద్దాం. రశీదు తీసుకోకుండా మాత్రం కదలొద్దు.