ఆంటోనీ ఆ వీలునామాను వెంటనే ఎందుకు చదవలేదు?

షేక్‌స్పియర్ నాటకం 'జూలియస్ సీజర్'లో, హత్యకు గురైన రోమ్ నేత సీజర్ శవం దగ్గర అతని మిత్రుడు ఆంటోనీ చేసే ప్రసంగం అనగానే అందరికీ గుర్తొచ్చేది 'బ్రూటస్ పెద్దమనిషి' అన్న ఎత్తిపొడుపే. గొప్పగానే ఉంటుంది, కాదనను. నాకు మాత్రం అసలు పని చేసింది సీజర్ వీలునామా అనిపిస్తుంది. మూడో అంకం రెండో రంగం తీసి చూడండి.

ముందు హంతకుల్లో ఒకడైన బ్రూటస్ జనంతో మాట్లాడతాడు. సీజర్‌కి అధికార దాహం, అందుకే చంపామంటాడు. జనం జేజేలు కొడతారు. ఒకడైతే 'ఇతన్నే సీజర్‌ని చేద్దాం' అంటాడు! ఆ వాదన వాళ్ల తలకెక్కనే లేదన్నమాట.

ఇక ఆంటోనీ. సీజర్ ముద్ర ఉన్న పత్రం పైకెత్తి చూపిస్తాడు. వీలునామా అంటాడు, కానీ చదవనంటాడు. సీజర్‌కి మీరంటే ఎంత ప్రేమో తెలిస్తే పిచ్చెక్కిపోతారంటాడు. జనం చదవమని గోల. 'అయితే బలవంతంగా చదివిస్తారా?' అంటూ, శవం చుట్టూ చేరమని, వేదిక మీంచి కిందికి దిగడానికి వాళ్లనే అనుమతి అడుగుతాడు. చూశారా, ఇప్పుడు బతిమాలుతున్నది జనం!

దిగి, పత్రం పక్కనపెట్టి సీజర్ పైవస్త్రం పట్టుకుంటాడు. ఈ చిరుగు కాసియస్‌ది, ఇది కాస్కాది, ఇది బ్రూటస్ పొడిచింది అని వేలు పెట్టి చూపిస్తాడు. హత్య జరిగినప్పుడు ఆంటోనీ అక్కడ లేడు, కుట్రదారు ట్రెబోనియస్ అతన్ని ముందే పక్కకు తీసుకెళ్లాడు. మరి ఏ పోటు ఎవరిదో ఇతనికెలా తెలుసు? గుంపులో ఒక్కరూ అడగరు.

తగలబెడదాం, చంపుదాం అని జనం పరిగెత్తబోతే ఆంటోనీయే ఆపుతాడు: వీలునామా మరిచిపోయారే! నాకు భయం వేసే చోటు ఇదే. వాళ్ల కోపం ముందే అంటుకుంది. వీలునామాలో జనానికి సీజర్ రాసిచ్చినవి, అంటే తలకు 75 డ్రాక్మాలు (వెండి నాణేలు), టైబర్ నది ఒడ్డున తోటలు అన్న మాట ఆ తర్వాత వచ్చింది. డబ్బు కోసం కదిలామని వాళ్లకి ఎప్పటికీ అనిపించదు, సీజర్ మీద ప్రేమతోనే కదిలామనుకుంటారు.

ఆ వెంటనే ఆ గుంపుకి సిన్నా అనే కవి దొరుకుతాడు. అదే పేరున్న కుట్రదారుని నేను కాదు మొర్రో అన్నా వినరు. చెత్త కవిత్వం రాశాడు, అందుకైనా చీల్చేయండి అంటారు.

మరి ఆ 75 డ్రాక్మాలు? నాలుగో అంకంలో, ఇప్పుడు అధికారం చేతికొచ్చిన ఆంటోనీ, ఆక్టేవియస్, లెపిడస్ కూర్చుని ఎవరెవరిని చంపాలో జాబితా రాసుకుంటుంటారు. అప్పుడు ఆంటోనీ లెపిడస్‌తో, సీజర్ ఇంటికెళ్లి వీలునామా పట్టుకురా, పంపకాల ఖర్చు ఎక్కడ కోయొచ్చో చూద్దాం అంటాడు. ప్రసంగం ఒక్కటే విడిగా చదివితే ఈ ముక్క కంటపడదు. ఆ అంకం మొదటి పది పంక్తుల్లోనే ఉంది, దయచేసి అక్కడిదాకా చదవండి.